ఉప్పు బండితో ఇరవై ఐదో పరుగు

మా గేన్యా ప్రుహ్నిక్ ఒక శీతాకాలం ఈరీ సరస్సును నాలుగడుగులు వెనక్కి నెట్టింది. చేత్తో కాదు, పది టన్నుల మంచు తోసే ట్రక్కుతో. రోడ్డు ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో ఆ తెల్లదనంలో కనిపించక, లేక్ వీధి చివర బ్లేడు దించి అలాగే తోసుకుంటూ పోయింది. నీళ్ళే మర్యాదగా జరిగి దారిచ్చాయి. నమ్మనివాళ్ళు మా ఊరు లాస్కా పాయింట్‌కి వచ్చి పడవల రేవు చూసుకోవచ్చు. చివరి మెట్టు ఇప్పటికీ పొడిగానే ఉంటుంది. నేను పదో తరగతిలో, భూగోళం పాఠం సగంలో ఉండగా లేచి బయటికి నడిచినవాణ్ణి. సరస్సుల గురించి నాకు ఒకరు నేర్పాల్సింది ఏమీ మిగల్లేదు.

గేన్యా, నేను పందొమ్మిదేళ్ళుగా టౌను రోడ్ల శాఖలో ఉన్నాం. శీతాకాలం మంచు తోస్తాం, ఉప్పు చల్లుతాం. ఎండాకాలం గుంటలు పూడుస్తాం. ఆమె మొదటి ట్రక్కు, నేను రెండో ట్రక్కు. ఆమె వయసు యాభై ఎనిమిది. మనిషి పొట్టి, భుజాలు మాత్రం గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సినంత వెడల్పు. ఊళ్ళో ముప్పాతిక మంది ఆమెని ఛోచా అంటారు. మా పోలిష్ ఇళ్ళలో అత్తనైనా పిన్నినైనా పిలిచే పిలుపు అదే. నాకు ఏ వరసా కాకపోయినా నేనూ అదే అంటాను. అనకపోతే రేడియోలో పలకదు.

తండ్రి మాంసం కొట్టు మీది గదిలో పుట్టింది. సాసేజ్ పొగలో పెరిగింది కాబట్టి ఆమెకి జలుబు చేయదని మా అమ్మ అనేది. పన్నెండేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ తర్వాత రోడ్ల శాఖలో ఉద్యోగం అడగడానికి వెళితే, అప్పటి మేస్త్రీ చేతికి పార ఇచ్చి, ఆఫీసు ముందున్న మంచు గుట్ట చూపించి, సాయంత్రం రమ్మన్నాడట. మధ్యాహ్నానికల్లా గుట్ట లేదు. మేస్త్రీ కారు కూడా కనిపించలేదు. తీసిన మంచంతా దాని మీదే వేసింది. ఇది నేను కల్పించింది కాదు, ఆ మేస్త్రీయే చెప్పేవాడు. కారు వెతుక్కోవడానికి ఆమె పారనే అరువడిగాడని మాత్రం నేను కలిపాను.

ఆమె జీవితంలో ఉద్యోగం కాక ఇంకొకటే ఉంది, డింగస్ పరుగు.

ఈస్టర్ మర్నాడు సోమవారం మాకు డింగస్. ఆ రోజు మగవాళ్ళు ఆడవాళ్ళ మీద నీళ్ళు కుమ్మరిస్తారు, ఆడవాళ్ళు మొగ్గలున్న విల్లో చెట్టు కొమ్మలతో మగవాళ్ళ పిక్కలు వాయిస్తారు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి పోల్కా డాన్సు ఆడతారు. ఆ ఉదయం పదకొండింటికి సెయింట్ కాసిమిర్ చర్చి హాలు ముందు నుంచి పరుగు మొదలవుతుంది. మూడు మైళ్ళ పైచిలుకు. లేక్ వీధి మీదుగా ధాన్యం గోదాముల దాకా పోయి, ఫైర్ స్టేషన్ వాలు దిగి, వంతెన దాటి మళ్ళీ హాలుకే. మగా ఆడా తేడా లేదు, నంబరు చీటీ తగిలించుకున్న మనిషిని తడపకుండా వదలడం పాపం. ఇళ్ళముందు బకెట్లు, మగ్గులు, తోట గొట్టాలు సిద్ధంగా ఉంటాయి. పొడి బట్టలతో గీత దాటినవాడిని ఊరు ఏడాదంతా జాలిగా చూస్తుంది.

హాలు గోడ మీద ఒక చెక్క బోర్డు ఉంది. ఒక్క ఏడూ తప్పకుండా ఇరవై ఐదు డింగస్ పరుగులు పూర్తిచేసినవాళ్ళ పేర్లు దాని మీద రాస్తారు. ఇప్పటిదాకా మూడే పేర్లు, మూడూ మగవాళ్ళవే. ఒకాయన పోయాడు, ఒకాయన ఫ్లోరిడా ఎండకి పారిపోయాడు, మూడో ఆయన పరుగు నడిపే లెన్ మజూరెక్. లెన్ మా హైస్కూల్లో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. నిబంధనలు ఆయనవే. విజిల్ మోగాక గీత దాటాలి, దారంతా సొంత కాళ్ళ మీదే రావాలి, గంట లోపు ముగించాలి. గంట దాటి ఒక్క సెకను అయినా ఆ ఏడు లెక్కలోకి రాదు.

గేన్యా మొదటిసారి ముప్ఫై నాలుగేళ్ళప్పుడు, స్కూలు బస్సు డ్యూటీ దిగి నేరుగా రబ్బరు బూట్లతోనే పరుగెత్తింది. అప్పటినుంచి ఒక్క ఏడూ మానలేదు. ప్రతి ఏడూ ఆఖరున వచ్చింది. అలా ఇరవై నాలుగు అయ్యాయి. ఈలోగా కుడి మోకాలు అరిగిపోయింది. మే నెలలో ఆపరేషన్ పెట్టుకుంది. ఆ తర్వాత నడవొచ్చు, పోల్కా కూడా ఆడొచ్చు, పరుగు మాత్రం ఇక లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. అంటే ఇరవై ఐదోది ఈ ఏప్రిల్లోనే అవ్వాలి, లేకపోతే ఎప్పటికీ లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. నాతో అంది. నాతో అంటే ఊరికి చెప్పినట్టే.

ఆ సోమవారం పొద్దున్నే సరస్సు మీంచి వాన మొదలైంది. మామూలు వాన కాదు, నేలకి తగలగానే గాజయ్యే రకం. బయట ముప్ఫై ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీలు, నీళ్ళు గడ్డకట్టడానికి ఎంత కావాలో అంతకి ఒక్కటి తక్కువ. ఆరింటికి మేమిద్దరం ట్రక్కులు తీశాం. తొమ్మిదికల్లా పరుగు దారంతా ఉప్పు పడింది. నేను చల్లిన భాగంలో నేల మీద వేలు పెట్టి నాకి చూసింది గేన్యా.

"ఏం ఛోచా, సరిపోయిందా? కాస్త మిరియాలు కూడా వెయ్యనా?"

"మూల మీద తక్కువేశావు. మళ్ళీ పో."

మళ్ళీ పోయాను. పదింటికి ట్రక్కులు షెడ్డు ముందు పెట్టాం. ఆమె డ్యూటీ మధ్యాహ్నం పన్నెండుదాకా ఉన్నా, పరుగెత్తడానికి పై ఆఫీసు అనుమతి ఉంది. నా డ్యూటీ పదికే అయిపోయింది. చర్చి హాల్లో కీల్బాసా సాసేజ్, ముల్లంగి ఘాటు పచ్చడి, రై రొట్టె, చల్లటి బీరు ఉన్నాయి. మనిషిగా నేను చేయాల్సింది చేశాను. మూడు గ్లాసులు.

అసలు తప్పు అంతకుముందే జరిగిపోయింది. శనివారం నాడు, గడ్డకట్టే వాన రాబోతోందన్న కబురు విని, లెన్ ఊరందరినీ బతిమాలాడు, ఈ ఒక్క ఏడు నీళ్ళు వద్దని. డింగస్ నాడు నీళ్ళు వద్దంటే మా ఊళ్ళో ఎవరికి ఎక్కుతుంది? అప్పుడు ఫైర్ స్టేషన్ పెద్ద బెర్నీ కోజల్ బంగారంలాంటి ఆలోచన చెప్పాడు. పరుగెత్తేవాళ్ళు పాపం చలికి వణుకుతారు కదా, గోరువెచ్చటి నీళ్ళు పోద్దాం. వేడినీళ్ళు గడ్డకట్టవు కదా అని కూడా అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళతోనే బతుకుతున్న మనిషి అన్నాడు కాబట్టి అందరూ నమ్మారు. ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ కుండలు ఎక్కాయి. పదిన్నరకి బెర్నీ తన ఫైర్ ట్రక్కులో నింపిన వేడినీళ్ళని ఒకసారి సరిచూద్దామని వాలు మీదకి గొట్టం తిప్పాడు. అది చూసి దారి పొడవునా వాకిళ్ళలోంచి మిగతావాళ్ళూ సరిచూసుకున్నారు.

మా ఉప్పంతా హాయిగా స్నానం చేసి కాలవలోకి పోయింది. పది నిమిషాల్లో నీళ్ళు చల్లారాయి. ఆ పైన గాజే. ముందుగా జారినవాడు బెర్నీయే. కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలు మీంచి వంతెన దాకా పోయాడు. టోపీ అయినా కదల్లేదు.

హాలు ముందు రెండు వందల నలభై మంది నంబర్లు తగిలించుకుని నిలబడ్డారు. కోడిపెట్ట వేషాలు, కుందేలు చెవులు, ఎర్ర పూల లంగాలు, అన్నీ అప్పటికే తడిసి వేలాడుతున్నాయి. డెప్యూటీ వాలెస్ కారు దిగి లెన్ దగ్గరికి వచ్చాడు. షెరిఫ్ ఆఫీసు పోలీసు, బయటి ఊరివాడు, డింగస్ అంటే ఇంకా అలవాటు పడలేదు.

"మాస్టారూ, దారి ఇలా ఉంటే నేను ఒప్పుకోను. రోడ్డు బాగుందని రోడ్ల శాఖ డ్యూటీ మనిషి సంతకం పెట్టాలి. లేదంటే రద్దు."

"డ్యూటీ మనిషి ఎవరు?" అన్నాడు లెన్, తెలిసే.

గేన్యా చెయ్యెత్తింది. ఛాతీ మీద నంబరు చీటీ ఉంది, కాళ్ళకి పరుగు బూట్లున్నాయి.

"ట్రక్కు తీసుకురా మరి," అన్నాడు వాలెస్. "నువ్వు ముందు ఉప్పేసుకుంటూ పో, వీళ్ళు నీ వెనక వస్తారు. అరగంట ఆలస్యమైతే అవనీ."

మాటకి మంచి మాటే. షెడ్డు ముందు పోల్కా బ్యాండు బళ్ళు, ఊరేగింపు ట్రైలర్లు అడ్డంగా ఉన్నాయి, వాటిని జరిపితే ట్రక్కు వస్తుంది. పరుగు జరుగుతుంది, ఊరు సంతోషిస్తుంది. గేన్యా మాత్రం ట్రక్కులో కూర్చుని ఉంటుంది. ఇరవై నాలుగు దగ్గర ఆగిపోతుంది.

"నేను నడుపుతాను," అన్నాను. ముందుకొచ్చి గట్టిగానే అన్నాను.

గేన్యా నా వైపు ఒక్కసారి గాలి పీల్చింది. "ఎన్ని?"

"ఏవి?"

"గ్లాసులు."

"ఒకటిన్నర."

"మూడు," అన్నాడు వెనకనుంచి హాలు వడ్డనవాడు, ఎవరూ అడక్కుండానే.

"నువ్వు తాళం ముట్టుకుంటే వేళ్ళు విరుస్తాను," అని చెప్పి ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. లెన్ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడ్డాడు. ఆయనకీ తెలుసు, పరుగు రద్దయినా, ఆమె ట్రక్కెక్కినా ఒకటేనని.

"గేన్యా, నాకూ బాధగానే ఉంది," అన్నాడు. "నిబంధన నిబంధనే."

"నిన్నెవరు మార్చమన్నారు లెన్? చర్చి వాళ్ళ ఉప్పు బండి ఎక్కడుంది?"

హాలు కింద గదిలో ఉంది. పచ్చికకి గింజలు చల్లే తోపుడు బండి అది. రెండు చక్రాలు, పైన డబ్బా, కింద తిరిగే పళ్ళెం. చలికాలంలో ఫాదర్‌గారు మెట్ల ముందు ఉప్పు చల్లడానికి వాడతారు. నేనే వెళ్ళి మోసుకొచ్చాను. దానితోపాటు ఉప్పు బస్తాలు కూడా. ఎనిమిది బస్తాలు ఒకే భుజం మీద, మెట్లు రెండేసి ఎక్కుతూ. చూసినవాళ్ళు తక్కువ, అది వేరే విషయం.

గేన్యా డెప్యూటీ ముందు నిలబడింది. "రోడ్డు నేను చూస్తూ పోతాను. నా వెనక ఉన్న రోడ్డుకి నాదే పూచీ. నా ముందు ఉన్న రోడ్డు మీదికి ఎవ్వరూ పోకూడదు. ఇది రాసి ఇవ్వనా?"

వాలెస్ ఆలోచించాడు. ఆయన టోపీ అంచు నుంచి మంచుకడ్డీ ఒకటి వేలాడుతోంది. "ఒక్కరు కూడా నిన్ను దాటకూడదు."

"నేను బాగుందనేదాకా దాటరు."

"చక్రాలు," అన్నాడు లెన్.

"ఎక్కి కూర్చోవడం లేదు కదా. తోస్తున్నాను. నా కాళ్ళ మీదే వస్తున్నాను."

లెన్ నిబంధనల కాగితం తీశాడు, వానకి అది చేతిలోనే ముద్దయింది. ఆ ముద్దని పిండి జేబులో పెట్టుకున్నాడు. "కాళ్ళ మీదే," అన్నాడు. "గంట లోపు. నీ కోసం గడియారం ఆగదు."

"ఆపమని నేనెప్పుడన్నాను?"

పదకొండు మీద ఏడు నిమిషాలకి విజిల్ మోగింది.

నేను చాలా ఊరేగింపులు చూశాను, అలాంటిది చూడలేదు. ముందు గేన్యా, గుప్పెడు గుప్పెడుగా ఉప్పు విసిరే ఆ బండితో. ఆమె పక్కన నేను, బస్తాలు పెట్టిన, మంచు మీద జారే మంచుబల్ల తాడు నడుముకి కట్టుకుని. మా వెనక రెండు వందల నలభై మంది, పరుగూ కాని నడకా కాని ఒక వాటంలో. అన్నిటికంటే వెనక అకార్డియన్ వాయించేవాడు. బఫలో నుంచి వచ్చిన ఒక సన్నటి మనిషి, ఎప్పుడూ మొదట వచ్చేవాడు, గేన్యా మడమల దగ్గరే పళ్ళు నూరుతున్నాడు.

"అమ్మా, నేను పక్కనుంచి జాగ్రత్తగా పోతాను."

"పో. పోయి బెర్నీని అడుగు ఎలా ఉందో."

అతను మళ్ళీ అడగలేదు.

మొదటి మైలు బాగానే సాగింది. ఇంటింటి దగ్గరా గేన్యా ఒకటే కేక. "బకెట్లు దించండి. మేం దాటాక మీ ఇష్టం వచ్చినంత పోసుకోండి." దించినవాళ్ళు దించారు. వృద్ధాశ్రమం ముందు కూర్చున్న ఓ ముసలాయన మాత్రం ఆమె నెత్తిమీద మగ్గు వంచాడు. ఆమె ఆగలేదు, విల్లో కొమ్మ పక్కవాళ్ళ చేతిలోంచి లాక్కుని ఆయన పిక్క మీద ఒక్కటి వేసి కదిలింది. బండి ఒంటిచేత్తో తోస్తూనే. ఆయన సాయంత్రం దాకా ఆ పిక్క అందరికీ చూపించాడు.

రెండో మైలుకి ఆమె కుడికాలు పక్కకి వేయడం మొదలుపెట్టింది. బండి చేతికర్ర మీద బరువు మోపుతోంది. డబ్బా ఖాళీ అయిన ప్రతిసారీ నేను బస్తా చింపి పోశాను. ఆ కాస్త ఆగడమే ఆమెకి ఊపిరి.

"బండి ఇలా ఇచ్చి నువ్వు కాసేపు మంచుబల్ల మీద కూర్చో," అన్నాను. "ఎవరూ చూడరు."

"వెనక రెండు వందల నలభై మంది ఉన్నారు జిగ్గీ."

"వాళ్ళని నేను మాటల్లో పెడతాను."

"అది నువ్వు రోజూ చేస్తావు. ఉప్పు పొయ్."

ఫైర్ స్టేషన్ వాలు దగ్గరికి వచ్చేసరికి నలభై ఆరు నిమిషాలయింది. కింద వంతెన, అది దాటి పావు మైలు పోతే హాలు, అక్కడ నీళ్ళు పోసే ఇళ్ళు లేవు కాబట్టి పొద్దున వేసిన ఉప్పు అలాగే ఉంది. వాలు మీద మాత్రం పైనుంచి కిందిదాకా ఆకాశం కనిపిస్తోంది, అంత నున్నగా ఉంది. కింద బెర్నీ, అతని మనుషులు చేతులు కట్టుకుని బడిలో గోడ దగ్గర నిలబెట్టినవాళ్ళలా నిలబడ్డారు. ఆ బండి ఒకసారి పోతే మూడడుగుల వెడల్పే ఉప్పు పడుతుంది. రోడ్డు పదిహేనడుగులు. మధ్యలో తొమ్మిదడుగులైనా కావాలి.

గేన్యా కిందికి దిగింది. అడ్డంగా అడుగులేసుకుంటూ, బండినే బ్రేకులా పట్టుకుని. చివర్లో ఎడమకాలు జారి మోకాలి మీద పడింది, అదీ ఆ కుడి మోకాలి మీదే. ఆమె బండి పట్టుకుని లేచింది. మోకాలు చూసుకోలేదు, బండి మూత ఊడిందేమో చూసుకుంది.

"బెర్నీ," అని పిలిచింది.

"చెప్పు ఛోచా."

"ఇంకో చుక్క పోశావంటే ఆ గొట్టం నీకే చుట్టి కట్టేస్తాను."

"పోయను ఛోచా."

మళ్ళీ పైకెక్కింది, మొదట వేసిన ఉప్పు మీదే కాళ్ళు పెడుతూ, పక్కన కొత్త చాలు వేస్తూ. మళ్ళీ దిగింది. అప్పటికి లెన్ గడియారంలో యాభై నాలుగు దాటింది. నేను ఆఖరి బస్తా అడుగు దులిపి గుప్పెళ్ళతో మిగతా జాగా నింపాను. ఉప్పు చిటపటలాడుతూ గాజుని తొలవడం వినిపిస్తోంది. ఆమె బూటు మడమతో రెండు చోట్ల కొట్టి చూసింది. చూసి, బండిని వంతెన గోడకి ఆనించి, పైకి తిరిగి చెయ్యి ఊపింది.

"బాగుంది. ఇక పొండి."

ఇక్కడినుంచి జరిగింది మీరు శ్రద్ధగా వినాలి, ఎందుకంటే ఇది చూడ్డానికి ఊళ్ళో నాకంటే మంచి చోటు ఎవరికీ దొరకలేదు. రెండు వందల నలభై మందిలో ఒక్కడూ పరుగెత్తలేదు. బఫలో మనిషి తన టోపీ తీసి గుండెకి ఆనించాడు. కోడిపెట్టలు రెండు వరసలుగా విడిపోయాయి. గేన్యా కుంటుతూ ముందుకి పోతుంటే ఆమె వేగానికే అందరూ కాళ్ళు కలిపారు. వాన కూడా ఆ పావు మైలు సేపు పక్క వీధిలో కురిసింది. హాలు ముందు గీతని మొట్టమొదట దాటింది గేన్యా ప్రుహ్నిక్. లెన్ విజిల్ ఊదబోయి మింగేశాడు, ఇప్పటికీ ఆయన దగ్గితే సన్నగా ఈల వినిపిస్తుంది.

ఇదంతా రాసి, మే నెల మొదట్లో, ఆమె ఆపరేషన్‌కి వెళ్ళే ముందు శుక్రవారం షెడ్డులో చదివి వినిపించాను. ఆమె మంచు బ్లేడుకి గ్రీజు పెడుతోంది, వచ్చే శీతాకాలానికి. చివరిదాకా వింది. గుడ్డతో చేతులు తుడుచుకుని అప్పుడు అంది:

"అందరూ దాటేశారు. నేనే ఆఖరు. యాభై తొమ్మిది నిమిషాల పది సెకన్లు."